రోడ్డు ప్రమాదంలో మంచాన పడ్డవారికి నష్టపరిహారం: క్యాజువాలిటీ చీటీ నుంచి డబ్బు చేతికొచ్చేదాకా

వెన్నెముక దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయినవాళ్లు, తలకు దెబ్బ తగిలి ఇంట్లోవాళ్లను గుర్తుపట్టలేనివాళ్లు, కాలో చెయ్యో తీసేయాల్సి వచ్చినవాళ్లు. వీళ్ల కేసును మామూలు ఫ్రాక్చర్ కేసులా నడిపితే కుటుంబం మునిగిపోతుంది. ఫ్రాక్చర్ కేసులో అయిన ఖర్చు బిల్లులు చూపిస్తే సగం పని తీరినట్టే. ఇక్కడ అసలు ఖర్చు ఇంకా మొదలే కాలేదు. పైగా రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఒక్కసారే తీర్పు చెబుతుంది. ఐదేళ్ల తర్వాత మళ్లీ ఆపరేషన్ పడిందని వెళితే అదే ప్రమాదానికి రెండో తీర్పు రాదు. నాగప్ప వర్సెస్ గురుదయాళ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పి, అందుకే రాబోయే వైద్యఖర్చును మొదటి తీర్పులోనే లెక్కగట్టాలంది. కింద చెప్పేదంతా ఆ ఒక్క అవకాశాన్ని చేజార్చుకోకుండా ఉండటం గురించే.

మొదటి వారం

ముందు చికిత్స. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, మనిషికి లక్షన్నర రూపాయల దాకా, పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో వైద్యం అందాలి. 112కు ఫోన్ చేస్తే దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉందో చెబుతారు. ఇది ప్రమాద వాస్తవాన్ని పోలీసులు ధ్రువీకరించడం మీద ఆధారపడుతుంది కాబట్టి స్టేషన్‌కు కబురు ఆలస్యం చేయొద్దు.

తర్వాత ఆస్పత్రి కాగితం. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ 'ఎలా జరిగింది?' అని అడిగినప్పుడు పక్కనున్న ఎవరో కంగారులో 'బండి మీంచి పడ్డాడు' అంటారు. అదే రికార్డులోకి ఎక్కుతుంది. రెండేళ్ల తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు ఆ ఒక్క లైను పట్టుకుని 'ఇది తనంతట తాను పడ్డ కేసు, లారీని తర్వాత తెచ్చి ఇరికించారు' అని వాదిస్తాడు. అందుకే లారీ గుద్దిందా, కారు గుద్దిందా, నంబరు తెలుసా, ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది సరిగా చెప్పించండి. మెడికో లీగల్ కేసుగా (ఎంఎల్‌సీ) నమోదు చేశారో లేదో చూడండి. ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి మారిస్తే మొదటి ఆస్పత్రి రిఫరల్ చీటీ పారేయొద్దు. ప్రమాదానికీ గాయానికీ ఉన్న తొలి లంకె ఆ చీటీయే.

ఎఫ్‌ఐఆర్ విషయంలో తరచూ జరిగే ఘోరం ఒకటుంది. గాయపడ్డ మనిషి ఐసీయూలో స్పృహ లేకుండా ఉంటాడు, ఇంట్లోవాళ్లంతా ఆస్పత్రి చుట్టూ తిరుగుతుంటారు. ఈలోగా గుద్దిన బండి డ్రైవరు స్టేషన్‌కు వెళ్లి తప్పంతా ఇతనిదేనని ముందే ఫిర్యాదు ఇచ్చేస్తాడు. అలా జరిగితే ఊరుకోకూడదు. మీ ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకో కమిషనర్‌కో రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లండి. దారి పక్క దుకాణాలు, పెట్రోలు బంకు, టోల్ ప్లాజా సీసీ కెమెరాల్లో దృశ్యాలు కొద్ది రోజులకే చెరిగిపోతాయి. వాటిని భద్రపరచమని పోలీసులకూ, ఆ యజమానులకూ అదే వారంలో రాసి ఇవ్వండి.

2024 జులై 1 తర్వాతి ప్రమాదాలకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు వర్తిస్తాయి. తొందరలో పోలీసులు 125(ఎ), అంటే మామూలు గాయం కింద కట్టేస్తారు. వెన్నెముక దెబ్బ తీవ్ర గాయం. డాక్టర్ ఇచ్చిన గాయాల ధ్రువపత్రం చూపించి 125(బి)కి మార్పించండి. చార్జిషీటులో గాయం స్వభావం తప్పుంటే ట్రిబ్యునల్‌లో ప్రతిసారీ దానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

పోలీసులు ఇవ్వాల్సినవి

2022 ఏప్రిల్ 1 నుంచి కొత్త పద్ధతి వచ్చింది. దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి ప్రమాద నివేదిక (ఎఫ్ఏఆర్), 50 రోజుల్లో మధ్యంతర నివేదిక (ఐఏఆర్), 90 రోజుల్లో సమగ్ర నివేదిక (డీఏఆర్) ట్రిబ్యునల్‌కూ ఇన్సూరెన్స్ కంపెనీకీ పంపాలి. బాధితులు ఫారం-6 నింపి 60 రోజుల్లో పోలీసులకు ఇవ్వాలి. అందులో వయసు, ఆదాయం, చికిత్స వివరాలు ఉంటాయి. ఆ ఫారం ఇవ్వమని స్టేషన్‌లో ఎవరూ అడగకపోవచ్చు, మీరే అడగండి. ఇది హడావిడిగా నింపే కాగితం కాదు. ఆదాయం దగ్గర అప్పటికి తోచిన అంకె వేస్తే తర్వాత పిటిషన్‌లో ఇంకో అంకె రాసినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి నిలదీస్తారు.

బండి నంబరు తెలిస్తే ఎం-పరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్స్ ఉందో లేదో కనిపిస్తుంది. లేకపోతే అసలు పరుగు అక్కడే మొదలు. ఇన్సూరెన్స్ లేని బండిని యజమాని తగిన హామీ ఇచ్చేదాకా విడుదల చేయకూడదు. ఇవ్వకపోతే మూడు నెలల తర్వాత వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్‌లో జమ చేయాలన్నది సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన ఆదేశం. యజమాని బండి విడిపించుకోవడానికి మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేసిన రోజే మీ లాయరు వెళ్లి అభ్యంతరం చెప్పాలి. బండి వెళ్లిపోయాక వసూలుకు మిగిలేది యజమాని పేరు మీద ఆస్తి ఏదైనా ఉంటే అదే.

గుద్దిన బండి దొరకనే లేదనుకోండి, హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు. దరఖాస్తు తహసీల్దారు లేదా ఆర్డీవో స్థాయి విచారణ అధికారి ద్వారా కలెక్టర్‌కు వెళ్తుంది. మంచాన పడ్డ మనిషికి 50,000 ఏ మూలకు? కాబట్టి బండిని వెతికించడానికే ఎక్కువ పోరాడాలి.

రెండున్నర లక్షల ఉచ్చు

తప్పెవరిదన్న రుజువు లేకుండా తీవ్ర గాయానికి 2.5 లక్షలు, మరణానికి 5 లక్షలు ఇచ్చే సెక్షన్ 164 మోటారు వాహనాల చట్టంలో ఒకటుంది. పాత చట్టంలో ఇలాంటి మధ్యంతర సాయం తీసుకుని మిగతా కేసు నడుపుకునేవాళ్లు. ఇప్పుడు అలా కాదు. 164 కింద వచ్చిన మొత్తాన్ని సెక్షన్ 149 పద్ధతిలో, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో రాజీగా, ఒప్పుకుని తీసుకుంటే పూర్తి పరిహారం కోసం సెక్షన్ 166 కింద వేసిన పిటిషన్ అక్కడితో రద్దవుతుంది. ఆస్పత్రి బిల్లు కట్టలేక సతమతమవుతున్న ఇంటికి ఎవరో వచ్చి 'ముందు ఇది తీసుకోండి, తర్వాత చూద్దాం' అంటే, తర్వాత చూడటానికి ఏమీ మిగలదు. పదుల లక్షల్లో రావాల్సిన చోట సంతకం పెట్టకండి. ఫ్రాక్చర్‌లా కోలుకునే తీవ్ర గాయాలకు ఆ సెక్షన్ బాగానే పనికొస్తుంది, ఇలాంటి కేసులకు కాదు.

లోక్ అదాలత్ రాజీ కూడా ఆచితూచి. అక్కడి అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదు. చికిత్స ఇంకా సాగుతుండగా, వైకల్యం ఎంతో తేలకముందే రాజీ పడితే కంపెనీకే లాభం. డాక్టర్లు 'ఇక ఇంతకు మించి మెరుగవ్వదు' అన్నాకే అంకె గురించి మాట్లాడాలి.

గడువు, కోర్టు, లాయరు

పిటిషన్ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని సెక్షన్ 166(3) అంటుంది. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో కేసు నడుస్తోంది. ఆలస్యమైందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబర్‌లో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. మధ్యంతర ఉత్తర్వు ఏ రోజైనా మారొచ్చు. ఆరు నెలల్లోపే వేసేయండి. వైకల్యం తేలలేదన్నది ఆగడానికి కారణం కాదు. పిటిషన్ ముందు వేసి, ధ్రువపత్రాలు విచారణలో దాఖలు చేయొచ్చు, అడిగిన మొత్తాన్ని సవరించుకోవచ్చు. అసలు అడిగిన దానికంటే ఎక్కువ ఇచ్చే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉంది, అప్పుడు తేడాకు కోర్టు ఫీజు కట్టాలి.

ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న రూలు లేదు. బాధితుడు ఉంటున్న జిల్లాలో గానీ, ప్రతివాది ఉన్నచోట గానీ వేసుకోవచ్చు. సూర్యాపేట దగ్గర హైవే మీద దెబ్బ తిన్న ఒంగోలు మనిషి ఒంగోలులోనే వేసుకోవచ్చు. మంచం మీది మనిషిని తిప్పే పనిని ఇది ఎంతో తగ్గిస్తుంది. మన దగ్గర ఈ పిటిషన్‌ను ఎంవీఓపీ (మోటార్ వెహికల్ ఒరిజినల్ పిటిషన్) అంటారు, జిల్లా జడ్జీలు ట్రిబ్యునల్ ఛైర్మన్లుగా వింటారు.

తలకు దెబ్బ తగిలి సొంతంగా సంతకం పెట్టలేనివారి తరఫున భార్యో తండ్రో నెక్స్ట్ ఫ్రెండ్‌గా, కోర్టు అనుమతితో వేయాలి. దీనికి విడిగా ఒక ఐఏ (మధ్యంతర దరఖాస్తు), దానికి జతగా డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలి. వేలిముద్ర వేయించి కానిచ్చేస్తే, 'ఈ మనిషికి స్పృహే లేదన్నారు, వేలిముద్ర ఎలా వచ్చింది?' అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడుగుతారు.

ప్రతివాదులుగా ఎవరినీ వదలొద్దు. ఆటోలో వెళ్తుంటే లారీ గుద్దిందా? ఆటో యజమాని, దాని ఇన్సూరెన్స్, లారీ యజమాని, దాని ఇన్సూరెన్స్, నలుగురినీ పెట్టండి. తప్పు చేసిన ఇద్దరిలో ఎవరి దగ్గరైనా ప్రయాణికుడు మొత్తం వసూలు చేసుకోవచ్చు, కానీ ఆటోది తప్పా లారీది తప్పా అన్న తగువులో ఒకరిని వదిలేస్తే ఆ వాటా గాలికి పోయే ప్రమాదం ఉంది.

పాలసీ కాపీ చూడాల్సిన చోటు ఇంకొకటుంది. టూ వీలర్ వెనక కూర్చున్నవారికి, సొంత కారులో ఊరికే ఎక్కినవారికి 'యాక్ట్ ఓన్లీ' పాలసీ (చట్టం తప్పనిసరి చేసినంత వరకే ఉండే బీమా) వర్తించదు, ప్యాకేజీ పాలసీ (సమగ్ర బీమా) వర్తిస్తుంది. బండి నడుపుతూ తన తప్పు వల్లే పడ్డ యజమానికి మూడో వ్యక్తి పరిహారం రాదు. పాలసీలో ఓనర్-డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలు ఉంటే అదే దిక్కు. జీతానికి పనిచేస్తున్న లారీ డ్రైవరు దారిలో గాయపడితే ఉద్యోగుల పరిహార చట్టం కింద కూడా వెళ్లొచ్చు, కానీ రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి.

లాయరు ఫీజు గురించి సూటిగా: వచ్చేదాంట్లో ఇంత శాతం అన్న ఒప్పందం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. అయినా నడుస్తూనే ఉంది. ఖాళీ చెక్కులు, ఖాళీ కాగితాల మీద సంతకాలు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వైకల్యం ఉన్నవారు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచిత లాయరును అడగొచ్చు. నంబరు 15100.

లెక్క ఎలా వేస్తారు

ముప్పై దాటని టైల్స్ మేస్త్రీని తీసుకుందాం. వయసు 28, నెలకు 18,000 సంపాదన, రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. సొంత పనివాడు, 40 ఏళ్లలోపు కాబట్టి ఆదాయంలో భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు: 25,200. ఏడాదికి 3,02,400. వయసును బట్టి మల్టిప్లయర్ (ఏడాది ఆదాయాన్ని గుణించే అంకె) 17. గుణిస్తే 51,40,800. చనిపోయిన కేసుల్లో సొంత ఖర్చుల కింద మూడో వంతో నాలుగో వంతో తీసేస్తారు, గాయపడ్డ మనిషి బతికి ఉండి తినాలి కాబట్టి ఇక్కడ తీయకూడదు. అలవాటులో తీసేసిన తీర్పులు ఉన్నాయి, అప్పీలులో అడగాల్సిన పాయింటు అది.

వయసు 15 నుంచి 25 ఏళ్ల దాకా మల్టిప్లయర్ 18. ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు ఒక్కొక్కటి తగ్గుతూ 46–50కి 13, అక్కణ్నుంచి 11, 9, 7, అరవై ఐదు దాటితే 5. పర్మనెంట్ ఉద్యోగికి పెరుగుదల 40 లోపు 50 శాతం, 40–50 మధ్య 30, 50–60 మధ్య 15. సొంత పనివాళ్లకు, స్థిర జీతగాళ్లకు 40, 25, 10.

ఇప్పుడు అసలు కీలకం. మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌లో 60 శాతం అని రాశారనుకుందాం. ట్రిబ్యునల్ ఆ 60నే పట్టుకుంటే 51,40,800 కాస్తా 30,84,480 అవుతుంది. ఒక్క అంకెతో 20 లక్షల పైచిలుకు పోయింది. కానీ కాళ్లు లేని టైల్స్ మేస్త్రీ సంపాదన పోయింది 60 శాతమా, మొత్తమా? 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: చూడాల్సింది శరీర వైకల్య శాతం కాదు, ఆ మనిషి చేసే పని మీద దాని ప్రభావం. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకు, వడ్రంగికి సంపాదన దాదాపు మొత్తం పోతుంది, గుమాస్తాకు ఉద్యోగం అలాగే ఉండొచ్చు. అందుకే పిటిషన్‌లోనూ, సాక్ష్యంలోనూ పని వివరం బొమ్మ కట్టినట్టు ఉండాలి: రోజంతా గొంతుక్కూర్చుని చేసే పని, టైల్స్ పెట్టెలు మోసుకుంటూ మెట్లెక్కే పని. 'కూలీ' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే చేజేతులా పోగొట్టుకున్నట్టే.

పింఛను కోసం తీసుకున్న సదరం సర్టిఫికెట్ ఒక్కటే దాఖలు చేసి ఊరుకోవడం ఇంకో పొరపాటు. ఇచ్చిన డాక్టరో, చికిత్స చేసిన సర్జనో కోర్టులో సాక్షిగా చెప్పాలి. ఒక అవయవానికి 45 శాతం అంటే మొత్తం శరీరానికి 45 అని కాదు. ఆ తేడాను డాక్టరు నోటే చెప్పించాలి. సర్జన్లు కోర్టుకు రావడానికి జంకుతారు, సమన్లు వేసినా వాయిదాలు దొర్లుతాయి. అడ్వొకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున సాక్ష్యం రాసుకునే లాయరును) ఆస్పత్రికే పంపి సాక్ష్యం తీసుకోమని అడగండి. మంచం మీది బాధితుడి సాక్ష్యానికి కూడా కమిషనర్‌ను ఇంటికి పంపమనొచ్చు.

ఆదాయానికి రుజువు లేదని బెంగపడొద్దు. ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పే జమలు, పని ఇచ్చిన మేస్త్రీ సాక్ష్యం, ఏదో ఒకటి పెట్టండి. ఏదీ లేకపోయినా కనీస వేతనాల ప్రకారం లెక్క కడతారు. గృహిణికీ, చదువుకునే పిల్లలకూ ఊహా ఆదాయం వేస్తారు.

రాబోయే ఖర్చును కాగితం మీద పెట్టడం

ఎక్కువ కేసులు ఓడేది ఇక్కడే. 'భవిష్యత్తు వైద్యఖర్చు: 5 లక్షలు' అని గుండుగుత్తగా అడిగితే లక్షో రెండు లక్షలో ఇచ్చి ఊరుకుంటారు. చికిత్స చేసిన న్యూరోసర్జన్ దగ్గరో, ఫిజికల్ మెడిసిన్ డాక్టరు దగ్గరో ఒక అవసరాల పత్రం రాయించుకోండి. నడుము కింద చచ్చుబడ్డ మనిషికి అందులో ఉండాల్సినవి ఇలా ఉంటాయి: మూత్రానికి రోజుకు 4 నుంచి 6 సార్లు కాథెటర్, పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి పక్క మార్చడం, గాలి పరుపు, డైపర్లు, వీల్‌చెయిర్, దాన్ని ఎన్నేళ్లకోసారి మార్చాలో, ఫిజియోథెరపీ వారానికి ఎన్నిసార్లో, మూత్ర ఇన్‌ఫెక్షన్ వస్తే అడ్మిషన్. పక్కనే మెడికల్ షాపు బిల్లులతో నెల ఖర్చు. మూడు నెలల బిల్లులు వరసగా ఉంటే సగటు దానంతటదే తేలుతుంది.

సహాయకుడి ఖర్చు దీంట్లో పెద్ద పద్దు. 2020లో కాజల్ వర్సెస్ జగదీశ్ చంద్ కేసులో తలకు దెబ్బ తగిలిన 12 ఏళ్ల బాలికకు, ఒక్కొక్కరికి నెలకు 5,000 చొప్పున ఇద్దరు సహాయకులకు, మల్టిప్లయర్ 18తో 21,60,000 ఇచ్చారు. మొత్తం పరిహారం 62 లక్షలు దాటింది. గుండుగుత్త కాకుండా మల్టిప్లయర్‌తో లెక్కగట్టాలన్నదే ఆ తీర్పు సారం. మన మేస్త్రీకి ఒక్క సహాయకుడికి నెలకు 12,000 అనుకున్నా 17తో గుణిస్తే 24,48,000. చూసుకునేది భార్యో తల్లో అయినా ఆ శ్రమకు విలువ కడతారు, 'ఇంట్లోవాళ్లే కదా' అని మీరే వదిలేసుకోకండి.

కాలు తీసేసినవారికి కృత్రిమ కాలు ఒక్కసారి కొంటే సరిపోదు. 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో 2.60 లక్షల కాలు ఐదారేళ్లే పనిచేస్తుందన్న సంగతి లెక్కలోకి తీసుకుని మూడు కాళ్ల ధర, మరమ్మతుల ఖర్చు విడిగా ఇచ్చింది. కంపెనీ కొటేషన్, జీవితకాలం రాసిన పత్రం తెచ్చి, ఇచ్చినవారిని సాక్షిగా పిలిపించండి.

జరిగిపోయిన ఖర్చు బిల్లుల్లో ప్రతిదానికీ ప్రిస్క్రిప్షన్ జత చేసి తేదీల వారీగా ఫైలు చేయండి. ఎస్టిమేట్ కాగితం బిల్లు కాదు, దాన్ని కొట్టేస్తారు. పెద్ద మొత్తాలకు ఆస్పత్రి బిల్లింగ్ ఉద్యోగిని సాక్షిగా పెట్టాలి. మెడిక్లెయిమ్ కంపెనీ ఒరిజినల్స్ తీసుకుంటే ధ్రువీకరించిన నకళ్లు అడిగి తీసుకోండి. ఆరోగ్యశ్రీలో చేసిన ఆపరేషన్‌కు బిల్లు చూపించలేరు, కానీ డిశ్చార్జి సమ్మరీ తప్పక పెట్టండి. గాయం తీవ్రతకు అదే రుజువు. అంబులెన్సు, నెలలపాటు ఆస్పత్రికి తిరిగిన కిరాయి కార్లు, ఇంటి గుమ్మానికి కట్టిన ర్యాంపు, మార్పించిన బాత్రూము, అన్నిటికీ కాగితం ఉంచండి.

కంపెనీ చెప్పే మాటలు

డ్రైవరుకు లైసెన్సు లేదు, పర్మిట్ లేదు అంటారు. అది యజమానికీ కంపెనీకీ మధ్య తగువు. చాలా సందర్భాల్లో ట్రిబ్యునళ్లు ముందు బాధితుడికి కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంటాయి. తీర్పులో ఆ వాక్యం రావాలని అడగండి. బైకు మీద ముగ్గురు ఎక్కారు, మీ మనిషికీ లైసెన్సు లేదు అని, తప్పులో మీకూ వాటా ఉందంటూ పరిహారం కోయబోతారు. ఆ తప్పుకూ ప్రమాదానికీ సంబంధం చూపకుండా కోయడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. క్రిమినల్ కేసులో డ్రైవరు నిర్దోషిగా బయటపడినా భయం లేదు. ఇక్కడ కావాల్సింది సందేహాతీత రుజువు కాదు, ఏది ఎక్కువ నమ్మదగ్గదన్న మొగ్గు మాత్రమే.

తీర్పు తర్వాత

తీర్పు కాపీ రాగానే కూడికలు మీరే ఒకసారి వేసి చూడండి. పెరుగుదల కలిపారా, వయసుకు తగ్గ మల్టిప్లయరేనా, సహాయకుడి పద్దు ఉందా, వడ్డీ పిటిషన్ తేదీ నుంచి ఇచ్చారా. తక్కువైతే హైకోర్టులో అప్పీలుకు 90 రోజులు. కంపెనీ అప్పీలు వేసి స్టే తెచ్చుకున్నా, జమ చేసిన దాంట్లో కొంత తీసుకోవడానికి అనుమతి అడగొచ్చు. విచారణ సాగుతుండగా బాధితుడు కన్నుమూస్తే కేసు ఆగిపోదు. మరణానికి ఈ గాయంతో సంబంధం లేకపోయినా హక్కు వారసులకు వస్తుందని 166(5) చెబుతోంది, వాళ్లను రికార్డులోకి తేవాలి.

డబ్బు నేరుగా బాధితుడి బ్యాంకు ఖాతాలోకే పడాలి. సొంత ఖాతా లేకపోతే ముందే తెరిపించండి. పెద్ద మొత్తాన్ని ట్రిబ్యునల్ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టి, అవసరమైనప్పుడు పిటిషన్ వేసి తీసుకోమంటుంది. దళారుల బారిన పడకుండా అది మంచిదే. కానీ ఆస్పత్రి అప్పులు, కొత్త వీల్‌చెయిర్, ఇంటి మార్పుల కోసం ఎంత వెంటనే కావాలో బిల్లులతో సహా తీర్పుకు ముందే మెమో వేసి ఉంచండి, నెలనెలా వడ్డీ ఖాతాలో పడేలా కూడా అడగండి. కంపెనీ గడువులో కట్టకపోతే తీర్పు అమలు కోసం ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయండి. ప్రైవేటు యజమాని కట్టాల్సి ఉంటే సెక్షన్ 174 కింద ట్రిబ్యునల్ ఇచ్చే సర్టిఫికెట్ మీద కలెక్టర్ భూమిశిస్తు బకాయిలా వసూలు చేయిస్తారు. అతని పేరు మీద ఉన్న పొలం సర్వే నంబర్లు, ఇంటి నంబరు, మిగతా బండ్ల నంబర్లు ఆ దరఖాస్తుకు జత చేసి ఇవ్వండి.